తెలుగు ప్రాంతాల్లో తిండి, పానీయాల మార్పు: ఒంటి బరువు, ఆరోగ్యాల చరిత్ర

లక్ష్యాలు

ఈ పాఠం చదివిన తర్వాత మీరు:
• 19వ శతాబ్దం నుంచి తెలుగు ప్రాంతాల్లో ప్రధాన ఆహారం ఎలా మారిందో వివరించగలుగుతారు.
• బియ్యం మిల్లుకు, బెరిబెరి వ్యాధికి ఉన్న సంబంధాన్ని చెప్పగలుగుతారు.
• టీ, చక్కెర మన దినచర్యలోకి వచ్చిన క్రమాన్ని గుర్తించగలుగుతారు.
• స్థూలకాయం, మధుమేహం నేడు ఎందుకు పెరిగాయో చారిత్రక కారణాలతో చర్చించగలుగుతారు.

1. పరిచయం

ఈ పాఠం మొదలుపెట్టే ముందు ఒక చిన్న పని చేయండి. నిన్న ఉదయం లేచినప్పటి నుంచి రాత్రి పడుకునే దాకా మీరు తిన్నవి, తాగినవి అన్నీ ఒక కాగితం మీద రాయండి. టీ ఎన్నిసార్లు తాగారు, అందులో చక్కెర ఎన్ని చెంచాలు, అన్నం ఎన్ని పూటలు, కూర ఎంత, పప్పు ఎంత అన్నవి కూడా రాయండి. ఆ కాగితాన్ని ఈ పుస్తకంలోనే ఉంచుకోండి. పాఠం చివర దానితో పని ఉంది.

చరిత్ర అనగానే రాజులు, యుద్ధాలు, ఒప్పందాలు మనకు గుర్తుకొస్తాయి. కానీ మీ కాగితం మీద ఉన్న ప్రతి మాట వెనుకా చరిత్ర ఉంది. అన్నం మూడు పూటలా తినడం, అది తెల్లగా ఉండాలనుకోవడం, పొద్దున్నే టీ లేకపోతే తలనొప్పి రావడం ఇవేవీ అనాదిగా ఉన్నవి కావు. ఆనకట్టలు, మిల్లులు, తేయాకు తోటల వ్యాపారం, రేషను దుకాణాలు కలిసి ఈ అలవాట్లను తయారుచేశాయి.

ఒంటి బరువు పెరిగినా, చక్కెర వ్యాధి వచ్చినా "నోరు కట్టుకోలేకపోయాడు" అని మనిషినే తప్పుపట్టడం మామూలు. మనిషికి బాధ్యత ఉన్న మాట నిజమే. అయితే అతని ముందున్న కంచంలో ఏముంటుందో నిర్ణయించినది అతనొక్కడే కాదు. ఈ రెండు విషయాలను కలిపి చూడటం ఈ పాఠంలో మన పని.

2. జొన్న, సజ్జ, రాగి: పాత కంచం

19వ శతాబ్దపు తొలి సగంలో తెలుగు ప్రాంతాల్లో వరి అందరి తిండి కాదు. నదుల ఒడ్డున, చెరువుల కింద వరి పండేది. తెలంగాణ, రాయలసీమ, పల్నాడు వంటి మెట్ట ప్రాంతాల్లో జొన్న, సజ్జ, రాగి, కొర్ర, ఆరిక, సామ, వరిగ ప్రధాన ధాన్యాలు. జొన్న రొట్టె, జొన్న గటక, రాగి సంకటి, అంబలి సామాన్యుల తిండి. తీర జిల్లాల్లో చద్దన్నం, గంజిని పులియబెట్టిన తరవాణి ఉదయపు ఆహారం. వరి అన్నం చాలా ఇళ్ళలో పండుగకు, పెళ్ళికి, చుట్టం వచ్చినప్పుడు వండేవారు.

ఈ తేడాలో హోదా కూడా ఇమిడి ఉండేది. పల్నాటి సజ్జ, జొన్న కూళ్ళను ఎగతాళి చేసే చాటు పద్యాలు శ్రీనాథుని పేరు మీద నేటికీ ప్రచారంలో ఉన్నాయి. వరి తినేవాడు నాగరికుడు, జొన్న తినేవాడు మోటువాడు అన్న భావన అంత పాతది. తరవాతి రోజుల్లో చేతిలో నాలుగు డబ్బులు ఆడగానే కుటుంబాలు మొదట జొన్న నుంచి వరికి ఎందుకు మారాయో అర్థం చేసుకోవడానికి ఈ భావనను గుర్తుంచుకోండి.

పాత కంచం మంచిదేనా? పోషకాల లెక్కలో కొన్ని విషయాల్లో మంచిదే. 100 గ్రాముల రాగుల్లో సుమారు 350 మిల్లీగ్రాముల కాల్షియం ఉంటే, అదే బరువు మిల్లు బియ్యంలో 10 మిల్లీగ్రాముల దాకా మాత్రమే ఉంటుంది. చిరుధాన్యాల్లో పీచు కూడా ఎక్కువ. కానీ పేదవారి కంచంలో ఉండేది చాలాసార్లు ఆ ఒక్క ధాన్యమే. పప్పు, పాలు, ఆకుకూర చాలినంత ఉండేవి కావు. దీని ఫలితాన్ని 6వ విభాగంలో చూస్తాం. అందువల్ల "పూర్వం అందరూ మంచి తిండి తిని ఆరోగ్యంగా ఉండేవారు" అనే మాటను చరిత్ర విద్యార్థిగా మీరు ఉన్నదున్నట్టు ఒప్పుకోకూడదు.

3. కరువు, ఆనకట్ట, ఒక పౌండు ధాన్యం

పూర్వపు జీవితంలో తిండి సమస్య అంటే ఎక్కువ తినడం కాదు, అసలు లేకపోవడం. 1832-33లో గుంటూరు ప్రాంతాన్ని భయంకరమైన కరువు ఊడ్చిపెట్టింది. ఇలాంటి అనుభవాల నేపథ్యంలోనే సర్ ఆర్థర్ కాటన్ ఆధ్వర్యంలో ధవళేశ్వరం వద్ద గోదావరి ఆనకట్ట నిర్మాణం 1847లో మొదలై 1852లో పూర్తయింది. విజయవాడ వద్ద కృష్ణా ఆనకట్ట 1855 నాటికి పూర్తయింది. రెండు డెల్టాలూ వరి మాగాణులయ్యాయి. తీరాంధ్రలో వరి అన్నం పండుగ వంట స్థాయి నుంచి రోజూ తినే తిండిగా మారడానికి ఇది పునాది.

కాలువ నీరు అందని చోట పరిస్థితి వేరు. 1876-78 నాటి కరువును మన పెద్దలు ధాత కరువు అన్నారు. బళ్ళారి, కర్నూలు, కడప, నెల్లూరు జిల్లాలు దారుణంగా దెబ్బతిన్నాయి. దక్షిణ భారతంలో ఈ కరువులో 50 లక్షలకు పైగా ప్రజలు చనిపోయారని అంచనా.

ఆ సమయంలో జరిగిన ఒక వాదన ఈ పాఠానికి ముఖ్యం. 1877 ఆరంభంలో వైస్రాయి ప్రభుత్వం తరఫున వచ్చిన సర్ రిచర్డ్ టెంపుల్, కరువు పనుల్లో రాళ్ళు కొట్టే మగ కూలీకి రోజుకు ఒక పౌండు ధాన్యం, ఒక అణా చాలునన్నాడు. ఒక పౌండు అంటే సుమారు 450 గ్రాములు. దాని నుంచి దాదాపు 1,600 కిలోక్యాలరీల శక్తి వస్తుంది. మద్రాసు శానిటరీ కమిషనర్ డబ్ల్యు. ఆర్. కార్నిష్ దీన్ని గట్టిగా వ్యతిరేకించాడు. అంత తిండితో కష్టపడి పనిచేసే మనిషి బతకలేడని వైద్య ఆధారాలతో వాదించాడు. చివరకు మద్రాసు ప్రభుత్వం కూలిని కొంత పెంచక తప్పలేదు. నేటి భారతీయ పోషకాహార ప్రమాణాల ప్రకారం బరువైన పని చేసే పురుషుడికి రోజుకు సుమారు 3,470 కిలోక్యాలరీలు కావాలి. టెంపుల్ ఇచ్చిన ధాన్యం అందులో సగానికి కూడా రాదు.

మనిషికి ఎంత తిండి కావాలన్న ప్రశ్న మన ప్రాంతంలో ప్రభుత్వ స్థాయిలో చర్చకు వచ్చిన తొలి సందర్భాల్లో ఇది ఒకటి. ఆ ప్రశ్న పుట్టింది ఆకలి నుంచి అని గమనించండి.

4. తెల్ల బియ్యం, బెరిబెరి

కాళ్ళు తిమ్మిరెక్కడం, నీరు పట్టి ఉబ్బడం, నడవలేకపోవడం, చివరకు గుండె బలహీనపడి మరణించడం బెరిబెరి లక్షణాలు. ఉత్తర సర్కారులుగా పిలిచిన తెలుగు తీర జిల్లాలు ఈ వ్యాధికి పేరుపడ్డాయి. మద్రాసు సైన్యంలో వైద్యుడిగా పనిచేసిన జాన్ గ్రాంట్ మాల్కంసన్ దీని మీద రాసిన గ్రంథం 1835లో మద్రాసులో అచ్చయింది. ఆ రోజుల్లో కారణం ఎవరికీ తెలియదు. చెడు గాలి అని, తేమ అని, విషమని రకరకాలుగా ఊహించారు.

జావాలో పనిచేసిన డచ్చి వైద్యుడు క్రిస్టియాన్ ఐక్మన్ 1890ల దశకంలో అసలు దారి చూపాడు. పాలిష్ పట్టిన బియ్యం తిన్న కోళ్ళకు కాళ్ళు పడిపోయాయి. ముడి బియ్యం, తవుడు పెడితే కోలుకున్నాయి. దీనికి ఆయనకు 1929లో నోబెల్ బహుమతి దక్కింది. బియ్యపు గింజ పైపొరలో ఉన్న థయమిన్ అనే విటమిన్ బి1 మిల్లులో తవుడుతో పాటు పోతోందని తరవాత తేలింది. ముడి బియ్యాన్ని బాగా పాలిష్ పడితే అందులోని థయమిన్‌లో దాదాపు 80 శాతం పోతుంది. మిగిలినదాంట్లో కొంత, బియ్యాన్ని నాలుగైదుసార్లు కడిగి, గంజి వార్చి పారబోసినప్పుడు పోతుంది.

ఈ కథలో మన జిల్లా ఒకటి కనిపిస్తుంది. థయమిన్ నిర్మాణాన్ని తేల్చి, 1936లో దాన్ని ప్రయోగశాలలో తయారుచేసిన రసాయన శాస్త్రజ్ఞుడు రాబర్ట్ ఆర్. విలియమ్స్ 1886లో నెల్లూరులో పుట్టాడు. ఆయన తల్లిదండ్రులు అక్కడ బాప్టిస్టు మిషనరీలు.

ఇక్కడ మీకు ఒక సందేహం రావాలి. తమిళ, మలయాళ ప్రాంతాల వారూ వరి తినేవారే. వారిలో బెరిబెరి ఎందుకు అంతగా లేదు? సమాధానం వంటింట్లోనే ఉంది. అక్కడ ఎక్కువగా తినేది ఉప్పుడు బియ్యం. వడ్లను నానబెట్టి, ఉడికించి, ఎండబెట్టాక దంచుతారు. ఉడికేటప్పుడు పైపొరలోని విటమిన్ గింజ లోపలికి ఇంకుతుంది. ఆ తరవాత మిల్లు ఆడించినా చాలావరకు మిగులుతుంది. సర్కారు జిల్లాల వారికి పచ్చి బియ్యం ఇష్టం. 20వ శతాబ్దపు తొలి దశకాల్లో డెల్టా పట్టణాల్లో మిల్లులు పెరిగిన కొద్దీ ఆ ఇష్టమే వారికి ముప్పయింది. రాబర్ట్ మెక్‌కారిసన్, ఆయన తరవాత డబ్ల్యు. ఆర్. ఏక్రాయిడ్ బృందాలు ఈ ప్రాంతాన్ని ప్రత్యేకంగా పరిశీలించాయి. 1940ల ఆరంభంలో జరిగిన పరిశీలనలు ఒక విషాదాన్ని బయటపెట్టాయి. తల్లి తిండిలో థయమిన్ లేకపోతే ఆమె పాలలోనూ ఉండదు. పైకి ఆరోగ్యంగా కనిపించే తల్లుల పాలు తాగుతూనే కొన్ని నెలల పసివాళ్ళు బెరిబెరితో చనిపోతున్నారు.

మరి జనం మిల్లు బియ్యాన్ని ఎందుకు కోరుకున్నారు? మూడు కారణాలు గుర్తుంచుకోండి. ఒకటి, తవుడులో నూనె ఉంటుంది కాబట్టి దంపుడు బియ్యం త్వరగా చెడుతుంది, పురుగు పడుతుంది. పాలిష్ బియ్యం ఎక్కువ కాలం నిలవ ఉంటుంది. రెండు, తెలుపుకు హోదా ఉంది. మూడు, అన్నిటికన్నా పెద్దది: రోకలి పోటు. వడ్లు దంచే పని ఆడవాళ్ళది. తెల్లవారకముందే లేచి ఇంటిల్లిపాదికీ సరిపడా బియ్యం దంచాల్సిన మనిషికి మిల్లు ఒక విముక్తి. దంపుడు బియ్యమే మేలని చెప్పేవారు ఆ రోకలి ఎవరి చేతిలో ఉండేదో కూడా చెప్పాలి. 1934లో వార్ధాలో ఏర్పడిన అఖిల భారత గ్రామ పరిశ్రమల సంఘం ద్వారా గాంధీజీ దంపుడు బియ్యాన్ని ప్రోత్సహించారు. అయినా ఊరూరా మిల్లులు రావడం ఆగలేదు.

5. కూనూరు నుంచి హైదరాబాదుకు: పోషకాహార పరిశోధన

బెరిబెరి పరిశోధన కోసం 1918లో నీలగిరుల్లోని కూనూరులో మెక్‌కారిసన్ ఒక చిన్న గదిలో ప్రయోగశాల మొదలుపెట్టాడు. 1920ల దశకంలో అక్కడ ఆయన చేసిన ఎలుకల ప్రయోగం ప్రసిద్ధమైంది. భారతదేశంలోని వేర్వేరు ప్రాంతాల ప్రజలు తినే తిండిని వేర్వేరు ఎలుకల గుంపులకు పెట్టాడు. గోధుమ రొట్టె, పాలు, పప్పు, కూరలతో కూడిన సిక్కుల ఆహారం తిన్న ఎలుకల సగటు బరువు 235 గ్రాములు. పాలిష్ బియ్యం ఎక్కువగా, పాలు తక్కువగా ఉన్న మద్రాసు ఆహారం తిన్న వాటిది 155 గ్రాములు.

ఈ ఫలితాన్ని రెండు విధాలుగా చదవవచ్చు. తిండిలో వైవిధ్యం తగ్గితే ఎదుగుదల తగ్గుతుందన్నది ఒకటి. ఇది శాస్త్రం. కొన్ని జాతులు పుట్టుకతోనే వీరులు, కొన్ని బలహీనులు అనే వలస పాలకుల సిద్ధాంతానికి దీన్ని ముడిపెట్టడం రెండోది. ఇది రాజకీయం. నిజానికి ప్రయోగం ఆ సిద్ధాంతాన్నే కొట్టివేస్తుంది. ఎలుకలన్నీ ఒకే జాతివి. తేడా వచ్చింది కంచంలో.

ఈ ప్రయోగశాల 1958లో హైదరాబాదుకు మారింది. 1969లో జాతీయ పోషకాహార సంస్థ అనే పేరు పొందింది. తార్నాకలో నేటికీ పనిచేస్తున్నది అదే.

రక్తహీనత చరిత్రలోనూ ఒక తెలుగు పేరు ఉంది. 1895లో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు సోదరులు ఇద్దరు స్ప్రూ అనే పేగుల వ్యాధితో మరణించారు. ఆయనకూ ఆ వ్యాధి సోకి తగ్గింది. తరవాత అమెరికాలో లెడర్లే సంస్థలో ఆయన నాయకత్వంలోని బృందం 1945లో ఫోలిక్ ఆమ్లాన్ని కృత్రిమంగా తయారుచేసినట్టు ప్రకటించింది. గర్భిణులకు నేడు ఇచ్చే ఐరన్ మాత్రల్లో ఉండే రెండో మందు అదే.

6. జొన్న తిన్నవారి జబ్బు

తెల్ల బియ్యం చెడ్డది కాబట్టి జొన్న మంచిదని తేల్చేద్దామా? ఆగండి. 1950ల చివర హైదరాబాదులో సి. గోపాలన్, ఆయన సహచరులు తెలంగాణ పేద రైతు కూలీల్లో పెలాగ్రా అనే జబ్బును గమనించారు. ఎండ తగిలే చోట చర్మం నల్లబడి పగలడం, విరేచనాలు, మతి చలించడం దీని లక్షణాలు. ప్రపంచంలో మిగతా చోట్ల ఇది మొక్కజొన్న మీద బతికేవారికి వచ్చేది. ఇక్కడ వచ్చింది జొన్న మాత్రమే తినేవారికి. జొన్నలో ఎక్కువగా ఉండే లూసిన్ అనే ఆమ్లం నియాసిన్ విటమిన్ పనికి అడ్డు తగులుతోందని 1960లో గోపాలన్, శ్రీకాంతియా ప్రతిపాదించారు. ఈ వివరణ మీద తరవాత శాస్త్రజ్ఞుల మధ్య చర్చ జరిగింది. కానీ ఒక్క విషయంలో అనుమానం లేదు. జొన్నతో పాటు పాలు, పప్పు, కూర తినగలిగినవారికి ఈ జబ్బు రాలేదు.

బెరిబెరి వచ్చినా, పెలాగ్రా వచ్చినా నేరం ఒక ధాన్యానిది కాదు. కంచంలో ఒకే ధాన్యం ఉండటమే నేరం.

7. టీ, చక్కెర: కొత్త పానీయం

మన తాతముత్తాతలు పొద్దున్నే తాగినది అంబలి, గంజి, తరవాణి, మజ్జిగ. టీ మన అలవాటు కాదు. అస్సాం తోటల్లో ఆకు 19వ శతాబ్దంలో పండింది ఇంగ్లండు కోసం. ఎగుమతి ధరలు పడిపోయినప్పుడల్లా తోటల యజమానులు భారతదేశంలోనే కొనేవారిని తయారుచేయాలనుకున్నారు. 1903లో టీ సెస్సు చట్టం వచ్చింది. ఆ పన్ను డబ్బుతో ప్రచారం సాగింది. 1930ల ఆర్థిక మాంద్యంలో ఇది ఊపందుకుంది. రైల్వే స్టేషన్లలో, సంతల్లో, ఫ్యాక్టరీల్లో ప్రచారకులు టీ కాచి చూపించారు, ఉచితంగా పోశారు, బొమ్మల ప్రకటనలు అతికించారు. అంటే టీ ఇక్కడ మొదట అమ్ముడైన సరుకు, తరవాత అయిన అలవాటు.

టీతో పాటు చక్కెర వచ్చింది. బెల్లం మనకు పాతదే. అయితే అది పండుగ వంటల్లో, అప్పుడప్పుడు. 1932లో చక్కెర పరిశ్రమకు ప్రభుత్వ రక్షణ సుంకం లభించాక దేశంలో మిల్లులు వేగంగా పెరిగాయి. నిజాం రాజ్యంలో బోధన్ వద్ద నిజాం చక్కెర కర్మాగారం 1930ల చివర మొదలైంది. చక్కెర చౌక అయ్యేకొద్దీ ఇంటి డబ్బాలోకి, అక్కడి నుంచి రోజూ కప్పులోకి చేరింది.

ఇప్పుడు ఒక లెక్క చేద్దాం. కప్పుకు రెండు చెంచాలు, అంటే సుమారు 10 గ్రాముల చక్కెర. రోజుకు నాలుగు కప్పులైతే 40 గ్రాములు. ఏడాదికి 14.6 కిలోలు. ఒక మనిషి టీలోనే ఇంత. రోజువారీ లెక్కలో ఇది 160 కిలోక్యాలరీలు. తిన్నట్టే అనిపించదు కాబట్టి దీనికి బదులుగా ఎవరూ అన్నం తగ్గించరు. కలిపిన చక్కెర మొత్తం శక్తిలో 10 శాతం మించకూడదని, 5 శాతానికి తగ్గిస్తే, అంటే రోజుకు 25 గ్రాముల లోపు ఉంటే, ఇంకా మేలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో చెప్పింది. చిన్న కూల్‌డ్రింకు సీసా ఒక్కటి తాగితేనే ఆ 25 గ్రాములు దాటిపోతాయి.

కష్టజీవికి టీ ఎందుకు కావాలో కూడా చూడాలి. తక్కువ ఖర్చు, క్షణంలో తయారీ, ఆకలిని కాసేపు ఆపే గుణం, పని మధ్యలో పది నిమిషాల కూర్చోడం ఇవన్నీ ఆ కప్పులోనే ఉన్నాయి. ఆటో నడిపే మనిషికి, నైట్ డ్యూటీ చేసే మనిషికి "టీ మానెయ్" అని చెప్పడం తేలిక. చక్కెర సగం చేయమని చెప్పడం ఆచరణకు దగ్గర.

8. హరిత విప్లవం, రెండు రూపాయల బియ్యం

1966లో ఐఆర్-8 అనే పొట్టి వరి వంగడం విడుదలైంది. పశ్చిమ గోదావరి జిల్లా ఆచంట రైతు నెక్కంటి సుబ్బారావు 1967లో దాన్ని సాగుచేసి పేరు పొందారు. అదే ఏడాది నాగార్జునసాగర్ కాలువలకు నీరు వదిలారు. తరవాత బోరుబావులు, కరెంటు మోటార్లు మెట్ట ప్రాంతాలనూ వరి పొలాలుగా మార్చాయి. 1986లో బాపట్ల నుంచి వచ్చిన సాంబ మసూరి సన్న బియ్యాన్ని సామాన్యుడి కోరికగా మార్చింది.

1983లో ఎన్. టి. రామారావు ప్రభుత్వం కిలో రెండు రూపాయల బియ్యం పథకం ప్రారంభించింది. దీని ప్రాధాన్యాన్ని తక్కువగా చూడకండి. ధాత కరువు జ్ఞాపకం ఉన్న నేలలో, పేదవాడి ఇంట రోజూ పొయ్యి వెలిగే ధైర్యం ఇచ్చిన పథకం అది. జొన్న గటక తిన్న తరానికి అది గౌరవం కూడా. అదే సమయంలో దానికి ఇంకో ఫలితం ఉంది. రేషను బియ్యం చౌకగా దొరుకుతుంటే జొన్న, కొర్ర పండించి, దంచి, వండే పని ఎవరికీ గిట్టలేదు. పప్పు ధర మాత్రం బియ్యంలా తగ్గలేదు. కంచంలో అన్నం కొండ పెరిగింది, పక్కనున్న పప్పు, కూర అలాగే ఉండిపోయాయి. 2013 జాతీయ ఆహార భద్రతా చట్టం ముతక ధాన్యాలను కిలో రూపాయికి ఇవ్వడానికి వీలు కల్పించినా, మన రేషను దుకాణం ప్రధానంగా బియ్యం దుకాణంగానే మిగిలింది.

9. పని తగ్గింది, అన్నం తగ్గలేదు

తిండితో పాటు పని కూడా మారింది. నాగలి బదులు ట్రాక్టరు, మోట బదులు మోటారు, రోకలి బదులు మిల్లు, తిరగలి బదులు గ్రైండరు, నడక బదులు బైకు వచ్చాయి. 2020 నాటి భారతీయ ప్రమాణాల ప్రకారం బరువైన పని చేసే పురుషుడికి 3,470 కిలోక్యాలరీలు కావాలి. కూర్చుని పనిచేసేవాడికి 2,110 చాలు. తేడా 1,360. ఇది దాదాపు 390 గ్రాముల బియ్యానికి సమానం. తాత పొలంలో పనిచేసి తిన్న అన్నాన్నే మనవడు కౌంటరు వెనక కూర్చుని తింటే ఆ మిగులు ఒంట్లో కొవ్వుగా నిలుస్తుంది.

దీనికి తోడు మన శరీరాలకు ఒక పాత జ్ఞాపకం ఉందని పరిశోధకులు భావిస్తున్నారు. పుణెలో సి. ఎస్. యాజ్ఞిక్ బృందం అక్కడి నవజాత శిశువులను ఇంగ్లండులోని సౌతాంప్టన్ శిశువులతో పోల్చింది. పుణె శిశువుల సగటు బరువు సుమారు 2.7 కిలోలు, అక్కడివారిది 3.5 కిలోలు. మన శిశువుల్లో కండ, అవయవాల పెరుగుదల బాగా తక్కువ, చర్మం కింది కొవ్వు మాత్రం అంతగా తగ్గలేదు. గర్భంలో తిండి చాలని శరీరం పొదుపు నేర్చుకుని, పెద్దయ్యాక తిండి దొరికినప్పుడు మధుమేహానికి త్వరగా లొంగుతుందని ఒక ప్రధాన వాదన. భారతీయులకు శరీర బరువు సూచిక 25 కాదు, 23 దాటగానే జాగ్రత్తపడాలని వైద్యులు చెప్పడానికి ఇలాంటి పరిశోధనలే ఆధారం.

దీని రెండో వైపు హైదరాబాదు దగ్గరి పల్లెల్లో కనిపించింది. 1987లో మొదలైన ఒక అధ్యయనంలో 15 గ్రామాల్లో గర్భిణులకు, చిన్న పిల్లలకు మొక్కజొన్న, సోయా పిండితో చేసిన ఉప్మా అందించారు. 14 గ్రామాల్లో అప్పటికి ఆ పథకం లేదు. ఆ పిల్లలు 13 నుంచి 18 ఏళ్ళ వయసుకు వచ్చాక పరీక్షించారు. ఉప్మా అందిన గ్రామాల పిల్లలు సగటున 14 మిల్లీమీటర్ల పొడవు ఎక్కువ. వారిలో ఇన్సులిన్ సరిగా పనిచేయని లక్షణం సుమారు 20 శాతం తక్కువ. ఈ ఫలితాలు 2008లో వెలువడ్డాయి. గర్భిణికి, పసిబిడ్డకు పెట్టిన తిండి పదిహేనేళ్ళ తరవాత కూడా లెక్కలోకి వస్తుందన్నమాట. మీలో అంగన్‌వాడీ కేంద్రాల్లో పనిచేసేవారు ఈ పేరాను రెండుసార్లు చదవండి.

10. నేటి చిత్రం: రెండు భారాలు

2019-21 నాటి ఐదవ జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్ మహిళల్లో సుమారు 36 శాతం, తెలంగాణలో సుమారు 30 శాతం అధిక బరువుతో లేదా స్థూలకాయంతో ఉన్నారు. దేశ సగటు 24 శాతం. అదే సర్వేలో రెండు రాష్ట్రాల్లోనూ సగానికి పైగా మహిళల్లో రక్తహీనత ఉంది. ఈ రెండు అంకెలను పక్కపక్కన పెట్టి చూడండి. ఒకే ఇంట్లో, కొన్నిసార్లు ఒకే మనిషిలో, బరువు ఎక్కువ, రక్తం తక్కువ. పొట్ట నిండుతోంది, పోషణ నిండటం లేదు. దేశంలో మధుమేహం ఉన్నవారు 10 కోట్లకు పైగా ఉన్నారని 2023లో ప్రచురితమైన భారత వైద్య పరిశోధన మండలి అధ్యయనం అంచనా వేసింది.

ప్రభుత్వాలు రెండు దారుల్లో స్పందించాయి. రేషను బియ్యంలో ఐరన్, ఫోలిక్ ఆమ్లం, విటమిన్ బి12 కలిపిన గింజలను చేర్చే కార్యక్రమాన్ని 2021లో ప్రకటించారు. మిల్లులో గింజ పైపొరను తీసేసి, తరవాత వేరే గింజ ద్వారా కొన్ని పోషకాలను చేర్చడం ఈ చరిత్రలోని విచిత్రం. రెండోది, భారత ప్రతిపాదనపై ఐక్యరాజ్యసమితి 2023ను అంతర్జాతీయ చిరుధాన్యాల సంవత్సరంగా జరిపింది. ఒకప్పుడు పేదవాడి గుర్తుగా ఉన్న కొర్రలు ఇప్పుడు పట్టణ దుకాణాల్లో బియ్యం కంటే ఎక్కువ ధరకు అమ్ముడవుతున్నాయి. ఆ పంటను శతాబ్దాలుగా కాపాడిన మెట్ట రైతుకు, దాన్ని తిన్న కూలి కుటుంబానికి ఆ ధర అందుబాటులో ఉందా అన్నది మీరు ఆలోచించాల్సిన ప్రశ్న.

11. సారాంశం

తెలుగు ప్రాంతాల ఆహార చరిత్రలో మూడు దశలు కనిపిస్తాయి. మొదటిది కొరత దశ. కరువుల్లో సమస్య తిండి పరిమాణం. రెండోది లోప దశ. తిండి ఉన్నా అందులో ఒక్క ధాన్యమే ఉండటం వల్ల బెరిబెరి, పెలాగ్రా వచ్చాయి. మూడోది మిగులు దశ. శక్తి ఎక్కువ, పోషణ తక్కువ, పని తక్కువ కావడం వల్ల స్థూలకాయం, మధుమేహం పెరిగాయి. ఒక దశ పూర్తిగా ముగిసి మరొకటి రాలేదు. మూడూ నేటికీ ఒకదానిలో ఒకటి కలిసే ఉన్నాయి.

మూడు దశల్లోనూ ఒకే పాఠం ఉంది. కంచంలో వైవిధ్యం ఉన్నవారిని జబ్బు అంతగా పట్టలేదు. ఆ వైవిధ్యం కొంత మన ఇష్టం మీద, ఎక్కువగా ధర మీద, రేషను మీద, వంట చేసే మనిషికి ఉన్న తీరిక మీద ఆధారపడింది.

ఇప్పుడు మీరు మొదట రాసుకున్న కాగితాన్ని తీయండి. అందులోని ప్రతి పదార్థం పక్కన, అది మీ ఇంటికి ఏ తరంలో వచ్చిందో రాయండి. తెలియకపోతే ఇంట్లో పెద్దవారిని అడగండి. అమ్మమ్మ పొద్దున్నే ఏం తాగేది, నాయనమ్మ వడ్లు దంచిందా, ఇంట్లో మొదటిసారి చక్కెర డబ్బా ఎప్పుడు వచ్చింది అని అడగండి. మీ జాబితాలో చరిత్ర ఇచ్చినవి ఏవి, మీరు ఎంచుకున్నవి ఏవి అన్నది అప్పుడు తెలుస్తుంది. ఎంచుకున్నవాటిని మార్చుకోవడం మీ చేతిలో ఉంది. రెండో అన్నం మారు బదులు ఒక గరిటె పప్పు, టీలో ఒక చెంచా చక్కెర తక్కువ, వారంలో రెండు పూటలు రాగి లేదా జొన్న ఇందుకు మొదలు కావచ్చు. మధుమేహం మందులు వాడుతున్నవారు వైద్యుణ్ణి అడిగిన తరవాతే తిండి మార్చాలి.

12. మీ ప్రగతిని సమీక్షించుకోండి

1. ఉప్పుడు బియ్యం తినే ప్రాంతాల్లో బెరిబెరి తక్కువగా ఉండటానికి కారణం ఏమిటి?
2. 1877లో టెంపుల్, కార్నిష్‌ల మధ్య వాదన దేని గురించి?
3. పెలాగ్రా గురించిన హైదరాబాదు పరిశోధన చిరుధాన్యాల మీద మనకున్న అభిప్రాయాన్ని ఎలా సరిచేస్తుంది?

13. నమూనా పరీక్షా ప్రశ్నలు

అ. కింది ప్రశ్నలకు 30 పంక్తుల్లో సమాధానం రాయండి.
1. బియ్యం మిల్లు తెలుగు తీర జిల్లాల ప్రజల ఆరోగ్యం మీద, స్త్రీల శ్రమ మీద చూపిన ప్రభావాన్ని చర్చించండి.
2. "కిలో రెండు రూపాయల బియ్యం ఆకలిని తగ్గించింది, కంచాన్ని ఇరుకు చేసింది." ఈ వాక్యాన్ని విమర్శనాత్మకంగా పరిశీలించండి.

ఆ. కింది ప్రశ్నలకు 15 పంక్తుల్లో సమాధానం రాయండి.
1. భారతదేశంలో టీ అలవాటు విస్తరించిన తీరును వివరించండి.
2. మీ ఇంట్లోని మూడు తరాల ఉదయపు ఆహారాన్ని పోల్చి, మార్పుకు కారణాలు రాయండి.